సీనియర్ వార్డెన్‌గా కూర్చోమంటున్నారు, అసలు పని ఏంటి? చెన్నై లాడ్జ్ సోదరులు చెప్పండి

వెస్ట్‌కి_కొత్త | ఆదివారం, రాత్రి 9:12
అందరికీ నమస్కారం. అంబత్తూరులో ఉద్యోగం, విల్లివాక్కంలో ఇల్లు. మా లాడ్జ్, అంటే మా ఫ్రీమేసన్ సోదరుల సంఘం, ఎగ్మోర్ ఫ్రీమేసన్స్ హాల్లో కలుస్తుంది. ఈ ఏడాది నేను సీనియర్ డీకన్‌ని (లాడ్జ్ పెద్ద మాస్టర్, ఆయన తర్వాత సీనియర్ వార్డెన్, జూనియర్ వార్డెన్, ఆ తర్వాత మేం, అదీ వరస). వచ్చే ఏడాది జూనియర్ వార్డెన్ అవుతానేమో, ఇంకా టైముంది కదా అనుకుంటున్నాను. ఇంతలో ఇప్పుడు జూనియర్ వార్డెన్‌గా ఉన్న అన్నయ్యకి పుణే ట్రాన్స్‌ఫర్ వచ్చింది. నిన్న రాత్రి కాబోయే మాస్టర్ ఫోన్ చేసి "సీనియర్ వార్డెన్‌గా నువ్వే కూర్చోవాలి, కాదనకు" అన్నారు. కాదనలేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది.

ఒక మెట్టు ఎగరేసి కూర్చోవచ్చా అన్నది ఒక అనుమానం. ఒకరోజు మాస్టర్ రాకపోతే లాడ్జ్ అంతా నేనే నడపాలా అన్నది ఇంకోటి. అన్నిటికన్నా ముఖ్యంగా, మాస్టర్ సుత్తి కొట్టినప్పుడు నేనూ కొట్టడం, అడిగినప్పుడు నా మాటలు నేను చెప్పడం, ఇంతేనా సీనియర్ వార్డెన్ అంటే? బట్టీ పట్టడమే అయితే పడతాను, చిన్నప్పుడు నూరు శతక పద్యాలు అప్పజెప్పినవాణ్ణే. కానీ ఏడాదంతా ఆ కుర్చీలో కూర్చుని లాడ్జ్‌కి నా వల్ల ఏం ఉపయోగమో తెలుసుకుని కూర్చోవాలని ఉంది.

కూవం_గట్టు | ఆదివారం, రాత్రి 9:50
బ్రదర్, ముందు అభినందనలు. అర్హత గురించి దిగులు పడకండి. మాస్టర్ మేసన్, అంటే మూడు డిగ్రీలూ (సభ్యత్వపు మెట్లు) పూర్తయిన సభ్యుడిని వార్డెన్‌గా పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ పద్ధతిలో నడిచే లాడ్జ్‌లలో మాస్టర్‌ని, ట్రెజరర్‌ని ఓటుతో ఎన్నుకుంటాం, వార్డెన్లని కొత్త మాస్టరే నియమిస్తాడు. అమెరికాలో అయితే వార్డెన్లకి కూడా ఓట్లే. నియమం ఉన్నది మాస్టర్ కుర్చీకి. వార్డెన్‌గా పనిచేయనివాడు ఆ కుర్చీ ఎక్కకూడదు. ఇది నిన్నమొన్నటి రూలు కాదు, 1723లో లండన్‌లో జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళిలోనే ఉంది. అంటే మీరు ఎగరేసిన మెట్టు తప్పు కాదు, కానీ ఆ మెట్టు మీద నేర్చుకునేది మీకు దక్కకుండా పోయింది, దాన్ని ఇప్పుడు కూడదీసుకోవాలి. జూనియర్ వార్డెన్ బాధ్యతలు కూడా చదువుకోండి. బయటి లాడ్జ్ నుంచి వచ్చిన అతిథి నిజంగా మన సోదరుడేనా అని చూసుకోవడం, పని ఆపి విశ్రాంతికి పిలవడం, మళ్లీ పనిలోకి పిలవడం ఇవన్నీ ఆయనవి.

మాస్టర్ రాని రోజు సంగతి కూడా అదే 1723 నియమావళి రెండో నియమంలో ఉంది, చాలామంది సీనియర్లకే తెలియదు. మాస్టర్ జబ్బుపడినా, చనిపోయినా, తప్పనిసరై రాలేకపోయినా, ఆ లాడ్జ్‌కి ముందు మాస్టర్‌గా చేసినవాళ్లు ఎవరూ అక్కడ లేకపోతే సీనియర్ వార్డెన్ తాత్కాలికంగా మాస్టర్ స్థానంలో పనిచేస్తాడు. పాత మాస్టర్ ఉంటే అధికారం ఆయనకి వెళ్తుంది. అయితే సీనియర్ వార్డెన్ సభని సమావేశపరచనిదే ఆ పాత మాస్టర్ కూడా ఏమీ చేయలేడు. సీనియర్ వార్డెన్ లేకపోతే జూనియర్ వార్డెన్ సమావేశపరచాలి. గమనించారా, కుర్చీ పాత మాస్టర్‌ది, కుర్చీ దాకా అందర్నీ పోగుచేసేది మీరు. ఇంగ్లిష్ పద్ధతిలో ఇప్పటికీ ఇదే దారి. మాస్టర్ కుర్చీ ఎప్పుడూ ఎక్కని వార్డెన్ కొత్తవాళ్లకి డిగ్రీ ఇవ్వకూడదు.

ఒక మాట అందరికీ. సభ్యులు ఒకరినొకరు పోల్చుకునే గుర్తులు, సంకేతపదాలు, చేతిపట్టులు ఇక్కడ ఎవరూ రాయొద్దు. మిగతాదంతా పుస్తకాల్లో అచ్చయినదే కాబట్టి స్వేచ్ఛగా మాట్లాడుకోవచ్చు.

మేస్త్రీ_మనవడు | ఆదివారం, రాత్రి 11:05
నేను సివిల్ కాంట్రాక్టర్‌ని, మా తాత ప్రకాశం జిల్లా నుంచి మద్రాసుకి గోడలు కట్టడానికి వచ్చిన మేస్త్రీ. మేసన్ల పనిముట్లు వేరేవాళ్లకి చిహ్నాలు, నాకు చిన్నప్పటి నుంచి ఇంట్లో మూలన పడి ఉన్న సామాను. కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మాస్టర్ మెడలో వేలాడేది మూలమట్టం. గోడ మూల సరిగ్గా తిరిగిందా లేదా చూసేది. సీనియర్ వార్డెన్‌ది మట్టం, ఈ చివర నుంచి ఆ చివరకి వరస ఒకే ఎత్తులో ఉందా చూసేది. ఇప్పుడు సైట్లో గాజుగొట్టం ఉన్న రసమట్టం వాడతాం, లాడ్జ్‌లో ఉన్నది దానికన్నా పాతది, కొయ్య చట్రానికి దారం వేలాడదీసినది. జూనియర్ వార్డెన్‌ది తూకం గుండు, మా దగ్గర తమిళ కొత్తనార్లు, అంటే తాపీమేస్త్రీలు, తూక్కుగుండు అంటారు, గోడ నిలువుగా లేస్తోందా చూసేది. గోడ కడుతున్నప్పుడు మూలమట్టం అప్పుడప్పుడే తీస్తాం, మూలలు తిప్పేటప్పుడు. మట్టమూ గుండూ మాత్రం ప్రతి వరసకీ కావాలి. నాలుగు వరసలు చూడకుండా వదిలేస్తే తర్వాత పగలగొట్టడమే దారి. వార్డెన్ల పని ఇదీ అని నేను అనుకుంటాను, ప్రతి వరసకీ చూడటం.

మట్టం అంటే సమానత్వం అని లాడ్జ్‌లో చెప్తారు. నిజమే, కానీ సైట్లో దానికి ఇంకో అర్థం ఉంది. ఒక ఇటుక పైకి లేచినా తప్పే, ఒక ఇటుక కుంగినా తప్పే. పైకి లేచినది అందరికీ కనపడుతుంది. కుంగినదాన్ని సున్నం కప్పేస్తుంది, వెతికితేనే దొరుకుతుంది. సీనియర్ వార్డెన్ వెతకాల్సింది ఆ కుంగిన ఇటుకని.

ఇక మీరు అడిగిన అసలు పని. లాడ్జ్ మూసే ముందు మీరు చెప్పే మాట గుర్తుందిగా? సూర్యాస్తమయాన్ని గుర్తించడానికి పడమట కూర్చున్నానని, మాస్టర్ ఆజ్ఞ మీద లాడ్జ్ మూస్తానని, ప్రతి సోదరుడికీ దక్కాల్సింది దక్కిందని చూసుకున్నాకే మూస్తానని. నేను మొదటిసారి ఈ మాట విన్నప్పుడు నాకు శనివారం బట్వాడా కళ్ల ముందు కనపడింది. మా తాత శనివారం పొద్దు గూకేవేళ గట్టు మీద కూర్చునేవాడు, పక్కన సంచీ, చేతిలో చిట్టా. మేస్త్రీలకి ఇంత, మట్టి కలిపే ఆడవాళ్లకి ఇంత, నీళ్లు మోసే పిల్లలకి ఇంత. పేరు పిలిచి, చేతిలో పెట్టి, "సరిపోయిందా?" అని అడిగేవాడు. ఆ అడగటం అయ్యేదాకా ఎవరూ కదిలేవాళ్లు కాదు. జ్వరమొచ్చి మధ్యలో వెళ్లిపోయినవాడి కూలి కూడా లెక్కగట్టి గుడ్డలో మూటగట్టి వాళ్ల వీధివాడికి ఇచ్చి పంపేవాడు. బట్వాడా తేడా వస్తే సోమవారం పనిలోకి మనుషులు రారు, ఎంత మంచి ప్లాన్ చేతిలో ఉన్నా గోడ లేవదు.

సీనియర్ వార్డెన్ అంటే ఆ గట్టు మీద కూర్చున్న మనిషి. డబ్బు పంచడం లేదు కానీ దక్కాల్సినవి చాలా ఉన్నాయి లాడ్జ్‌లో. కొత్తగా చేరిన కుర్రాడికి ఎవరైనా నాలుగు మాటలు వివరించారా? ఆర్నెల్లుగా సెకండ్ డిగ్రీ కోసం ఎదురుచూస్తున్నవాడిని మర్చిపోయామా? వంటవాళ్ల లెక్కలన్నీ చూసిన స్టీవార్డ్‌కి ఒక్కరైనా థాంక్స్ చెప్పారా? ఆ వాక్యం పలికేముందు ఒక్క క్షణం హాల్ అంతా చూడండి.

పాండీ_రోడ్డు | సోమవారం, ఉదయం 7:30
మేస్త్రీ గారూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. చిన్న విషయం కలుపుతాను. ఫ్రెంచ్ వాళ్లు వార్డెన్‌ని "సుర్వెయాఁ" అంటారు, కనిపెట్టుకుని ఉండేవాడని అర్థం. మనకి వార్డెన్ అంటే హాస్టల్ వార్డెన్ గుర్తొస్తాడు, తలుపులు వేసేవాడు, తిట్టేవాడు. అందుకే ఆ పదవి తెలుగువాళ్ల చెవికి గట్టిగా వినపడుతుంది. కనిపెట్టుకుని ఉండటం అన్నది సరైన మాట. మీ మేస్త్రీ అన్న మాట కూడా మాస్టర్ అన్న మాటకి చుట్టమే, పోర్చుగీసు "మెస్త్రె" నుంచి వచ్చింది.

దూరం_నుంచి_చూసేవాడు | సోమవారం, ఉదయం 10:14
సభ్యుణ్ణి కాను. కొళత్తూరులో ఉంటాను. మాకు లాడ్జి అంటే సెంట్రల్ ఎదురుగా రూములిచ్చేదే తెలుసు. ఎగ్మోర్‌లో ఆ స్తంభాల బిల్డింగ్ చూసినప్పుడల్లా లోపల ఏం చేస్తారో అని అనుమానం. ఇంట్లోవాళ్లు అది రహస్య మతం, "వర్షిప్‌ఫుల్ మాస్టర్" అని ఒక మనిషిని పూజిస్తారు అంటారు. నిజమా? మా బావ చేరదామనుకుంటున్నాడు, అందుకే అడుగుతున్నా, గొడవకి కాదు.

కూవం_గట్టు | సోమవారం, ఉదయం 11:02
అడిగినందుకు సంతోషం. పూజ లేదు. వర్షిప్‌ఫుల్ అన్నది పాత ఇంగ్లిష్‌లో గౌరవనీయులైన అన్న అర్థంలో వాడే మాట, ఇంగ్లండ్‌లో మేయర్లని కూడా అలా పిలిచేవాళ్లు. మతం కాదు. దేవుడి మీద నమ్మకం ఉండాలి, ఏ దేవుడన్నది ఎవరూ అడగరు. మన దేశంలో లాడ్జ్ బల్ల మీద భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ సాహిబ్, జొరాస్ట్రియన్ల అవెస్తా కలిసి ఉంటాయి. లోపల మతం గురించి, రాజకీయం గురించి వాదన నిషేధం. ఎగ్మోర్ హాల్ 1925 నుంచి అక్కడే ఉంది, దాచుకున్నదేమీ లేదు. స్వామి వివేకానంద సన్యాసం తీసుకోకముందు 1884లో కలకత్తాలో ఒక లాడ్జ్‌లో చేరారు. మన దేశపు లాడ్జ్‌లకి పై సంస్థ అయిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా 1961 నవంబర్ 24న ఏర్పడింది, మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు. మీ బావగారికి తెలిసిన సభ్యుడు ఎవరైనా ఉంటే నేరుగా మాట్లాడమనండి. ఇంకా ప్రశ్నలుంటే వేరే టాపిక్ తెరవండి, ఇక్కడ వార్డెన్ సంగతి నడవనిద్దాం.

పాత_సంతకం | సోమవారం, మధ్యాహ్నం 3:40
నేను పెరంబూరులో ఉంటాను, రైల్వేలో రిటైరయ్యాను, మాస్టర్‌గా చేసి చాలా ఏళ్లయింది. తమ్ముడూ, నేను సీనియర్ వార్డెన్‌గా ఉన్నప్పటి ఒక్క సంగతి చెప్తాను.

ఉత్తరం వైపు వరసలో చివరి కుర్చీలో ఒక పెద్దాయన కూర్చునేవారు, రాయపురం నుంచి వచ్చేవారు. ఎక్కువ మాట్లాడరు. భోజనం దగ్గర కూడా ఒక మూల కూర్చుని తిని వెళ్లిపోయేవారు. పడమట కూర్చుంటే హాల్ అంతా కనపడుతుంది, మాస్టర్‌కి ఎదురుగా మనమే కదా. ఒక సమావేశంలో ఆ కుర్చీ ఖాళీగా కనపడింది. ఎప్పటి నుంచి ఖాళీగా ఉందో గుర్తు చేసుకోబోతే గుర్తు రాలేదు. సిగ్గేసింది. సెక్రటరీని అడిగితే రిజిస్టర్ చూసి ఐదు సమావేశాలుగా రాలేదన్నాడు. చందా కూడా కట్టలేదు, ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పేరు తీసేయాల్సి వస్తుందన్నాడు. నెలనెలా పిలుపు ఉత్తరం వెళ్తూనే ఉంది, ఆయన ఎందుకు రావట్లేదో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆదివారం వెళ్లాను. ఆయన నన్ను చూసి లోపలికి రమ్మని, చొక్కా తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. సంగతి ఇంతే. రాత్రిపూట కళ్లు సరిగ్గా కనపడటం లేదు. స్కూటర్ అమ్మేశారు. ఎవరినైనా తీసుకెళ్లమని అడగటం నామోషీ. చందా సంగతి అడగలేక అడిగితే, ఎప్పుడూ ట్రెజరర్ చేతికి నగదు ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు బ్యాంకు ద్వారా పంపమంటున్నారు, నాకు అది రాదు, ఎవరినైనా అడిగితే డబ్బుల్లేక సాకు చెప్తున్నాడనుకుంటారేమో అన్నారు. డబ్బు కవరులో పెట్టి దేవుడి గూట్లో దాచి ఉంచారు. ఐదు నెలల నుంచి.

తొండయార్‌పేట కుర్రాడు ఒకడు కారులో వచ్చేవాడు, అతనికి చెప్పాను. తర్వాత నెల ఆ కుర్చీలో పెద్దాయన ఉన్నారు. నేను ఆయన కోసం చేసింది ఒక ఆదివారం, ఒక ఫోను. కానీ నేను మాస్టర్ అయ్యాక ఎన్ని డిగ్రీలు ఇచ్చానో గుర్తు లేదు, ఆ కవరు మాత్రం గుర్తుంది.

కూవం_గట్టు | సోమవారం, సాయంత్రం 5:15
అన్నా, గొప్ప పని. అయినా ఒక అభ్యంతరం చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్లు చదువుతున్నారు. సోదరుల కష్టసుఖాలు చూడటానికి ఆల్మనర్ ఉన్నాడు, అది ఆయన పదవి. చందా సంగతి ట్రెజరర్‌ది, సెక్రటరీది. సీనియర్ వార్డెన్ తనంతట తాను అన్నిట్లో దూరితే రెండో ఆఫీసు నడిపినట్టవుతుంది. మాస్టర్‌కి తెలియకుండా మంచి పని చేసినా అది మాస్టర్‌ని చిన్నబుచ్చడమే. నేను ఇలా చీలిపోయిన లాడ్జ్‌ని దగ్గర్నుంచి చూశాను.

పాత_సంతకం | సోమవారం, సాయంత్రం 6:20
సరిగ్గా చెప్పావు, నేనే రాయాల్సింది. శనివారం రాత్రే మాస్టర్‌కి ఫోన్ చేసి, రేపు వెళ్తున్నానండీ అని చెప్పాను. తిరిగొచ్చాక ఆయనకీ, ఆల్మనర్‌కీ ఇద్దరికీ చెప్పాను. కవరు ట్రెజరర్ చేతికే ఇచ్చాను. తర్వాత నెల పెద్దాయన వచ్చినప్పుడు లేచి వెళ్లి చేయి కలిపింది మాస్టరే, నేను నా చోట కూర్చునే ఉన్నాను. అలాగే ఉండాలి. మన కంటికి పడింది కాబట్టి మనం చెప్పాలి, ఎవరి పని వాళ్ల చేత చేయించాలి. ఎవరూ చేయకపోతే మాత్రం ఊరుకోకూడదు.

థిస్టిల్_చెన్నై | సోమవారం, రాత్రి 8:33
మాది స్కాట్లండ్ గ్రాండ్ లాడ్జ్ కింద నడిచే లాడ్జ్. 1961 తర్వాత కూడా మన దేశంలో కొన్ని లాడ్జ్‌లు ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్ కిందే ఉండిపోయాయి కదా. మా దగ్గర మాస్టర్‌ని రైట్ వర్షిప్‌ఫుల్ అంటాం. ఆయన తర్వాత డిప్యూట్ మాస్టర్, సబ్‌స్టిట్యూట్ మాస్టర్ అని ఇద్దరు ఉంటారు, ఆ తర్వాత వార్డెన్లు. అంటే ఉపాధికారి అన్న పదవి మాకు విడిగానే ఉంది. ఇంగ్లిష్ పద్ధతిలో మామూలు లాడ్జ్‌కి డిప్యూటీ మాస్టర్ ఉండడు, రాజకుటుంబీకుడి లాంటివాడు మాస్టర్ అయితేనే పెట్టుకుంటారు. అందుకే మీ దగ్గర ఆ బరువంతా సీనియర్ వార్డెన్ మీదే పడుతుంది.

నేను రెండేళ్లు డిప్యూట్ మాస్టర్‌గా చేశాను. బయట నుంచి చూస్తే ఏమీ పని లేని పదవి. లోపల మాత్రం మాస్టర్ ఎవరితోనూ అనలేని మాటలు నాతో అనేవారు. ఒకరి మీద కోపం, ఒక నిర్ణయం మీద అనుమానం, ఇంట్లో కష్టం. విని మింగేయడం కూడా పనే. ఆయన తప్పు చేస్తున్నారనిపిస్తే గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు గట్టిగా చెప్పేవాణ్ణి, ఒకసారి గొంతు కూడా పెంచాను. తలుపు తెరిచాక ఆయన మాటే నా మాట.

వెస్ట్‌కి_కొత్త | సోమవారం, రాత్రి 10:01
ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మేస్త్రీ అన్నా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. ఒక చిన్న ప్రశ్న, వార్డెన్ల బల్ల మీద చిన్న చెక్క స్తంభాలు ఉంటాయి కదా, సీనియర్ వార్డెన్‌ది ఎప్పుడు నిలబెట్టాలో నేను చాలాసార్లు చూశాను కానీ ఎందుకో ఎవరూ చెప్పలేదు.

మేస్త్రీ_మనవడు | సోమవారం, రాత్రి 10:26
లాడ్జ్ పనిలో ఉన్నంతసేపూ మీ స్తంభం నిలబడి ఉంటుంది, జూనియర్ వార్డెన్‌ది పడుకుని ఉంటుంది. పని ఆపి విశ్రాంతికి వెళ్తే మీది పడుకుంటుంది, ఆయనది లేస్తుంది. ఆ సమయంలో సోదరుల బాధ్యత ఎవరిదో చూడగానే తెలియాలి, అంతే. పనివేళ మీది. నేనైతే దాన్ని ఇంకోలా కూడా అర్థం చేసుకున్నాను. ఇద్దరివీ ఒకేసారి లేచి ఉండవు. ఒకరు నిలబడ్డప్పుడు ఇంకొకరు తగ్గి ఉండాలి.

ఆయన_ఇల్లాలు | మంగళవారం, ఉదయం 11:45
మా వారి అకౌంట్‌తో చదివి, నాకూ రాయాలనిపించి నా పేరుతో చేరాను. మేం టీ నగర్‌లో ఉంటాం. ఆయన సీనియర్ వార్డెన్‌గా చేసిన ఏడాది మా ఇంట్లో ఎలా గడిచిందో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ మగవాళ్లే మాట్లాడుతున్నారు. మీ లాడ్జ్‌లో ఆడవాళ్లకి ప్రవేశం లేదు, సరే. అనీబిసెంట్ గారు చేరిన కో-మేసన్రీలో ఆడా మగా కలిసి కూర్చుంటారని ఆయనే చెప్పారు, అది వేరే సంస్థట, మీవాళ్లు గుర్తించరట. ఆ చర్చ నాకొద్దు.

నేను చెప్పేది ఇది. మా లాడ్జ్‌లో ఒక సోదరుడు పోయారు. వాళ్లావిడకి నేను ముఖపరిచయం మాత్రమే. పదకొండో రోజు దాకా అందరూ వచ్చారు, సూట్లు వేసుకుని వచ్చారు, ఆవిడకి ధైర్యం చెప్పారు. తర్వాత? ఆయన ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో ఆవిడకి తెలియదు. బ్యాంకులో నామినీ ఎవరో తెలియదు. మూడు నెలలయ్యాక మా వారు భోజనం చేస్తూ "వాళ్లింటికి ఎవరైనా వెళ్తున్నారో లేదో" అన్నారు. నేను అప్పుడే ఆవిడకి ఫోన్ చేశాను. అవతల ఏడుపు. "లాడ్జ్ వాళ్లని అడగొచ్చో లేదో తెలియక ఊరుకున్నానమ్మా" అంది.

మా వారు, ఆల్మనర్ గారు, నేను, ముగ్గురం వెళ్లి నాలుగు ఆదివారాలు కూర్చుని కాగితాలన్నీ సర్దిపెట్టాం. బాబూ, ప్రతి సోదరుడికీ దక్కాల్సింది దక్కిందా అని మీరు అడుగుతారట. సోదరుడు పోతే ఆ దక్కాల్సింది ఎవరికి చేరాలో కూడా అడగండి. మీరు లోపలికి రానివ్వని ఇంట్లో మనుషులకే కదా.

పాత_సంతకం | మంగళవారం, మధ్యాహ్నం 12:30
అమ్మా, మీరు చెప్పింది వందశాతం నిజం. మా లాడ్జ్‌లో పోయిన సోదరుల ఇళ్ల జాబితా ఆల్మనర్ దగ్గర ఉంటుంది. ఏడాదికి ఎన్నిసార్లు తెరుస్తున్నామో ఈ శుక్రవారమే అడుగుతాను.

చెయ్యి_కాల్చుకున్నవాణ్ణి | మంగళవారం, రాత్రి 9:20
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను ఒక లాడ్జ్‌లో సీనియర్ వార్డెన్‌గా ఉన్నప్పుడు మాస్టర్‌గా ఉన్నాయన నాకన్నా చిన్నవాడు, పనిలో నెమ్మది. అజెండా ఆలస్యం, రిహార్సల్‌కి ఆలస్యం. నాకు చిరాకు. భోజనాల బల్ల దగ్గర, పార్కింగ్ దగ్గర, కారులో ఇంటికెళ్లేటప్పుడు, "నా ఏడాది వస్తే చూడండి ఎలా నడుపుతానో" అనేవాణ్ణి. నలుగురూ తలలూపారు. నేను అది మద్దతు అనుకున్నాను.

ఎన్నికల రాత్రి చీటీలు విప్పారు. సీనియర్ వార్డెనే మాస్టర్ కావడం ఆనవాయితీ, హక్కు కాదు. నా పేరు రాలేదు. అంతకన్నా బాధపెట్టింది తర్వాత జరిగింది. నేను ఏడాదంతా ఎవరి గురించి మాట్లాడానో ఆయనే నన్ను మెట్ల దగ్గర ఆపి, "మీకు చెప్పి ఉండాల్సింది, ఈ ఏడాదంతా మా నాన్నకి డయాలసిస్" అన్నాడు. వారానికి మూడుసార్లు తీసుకెళ్లేవాడట. అందుకే ఆలస్యం. ఎదురుగా కూర్చుని ఏడాదంతా చూసినవాణ్ణి నేను. ఆయన ముఖం ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

కొత్త బ్రదర్, అందరికీ దక్కిందా అని చూసేటప్పుడు ఎదురుగా తూర్పున కూర్చున్నవాణ్ణి కూడా లెక్కలో వేసుకోండి. నేను మళ్లీ స్టీవార్డ్‌గా మొదలుపెట్టి ఇప్పుడు డీకన్ దాకా వచ్చాను. ఆయనా నేనూ ఇప్పుడు ఒకే కారులో వస్తాం.

మూడున్నర_ఫోను | బుధవారం, ఉదయం 6:50
మాస్టర్ రాని రోజు గురించి అడిగారు కదా, నాకు జరిగింది. సమావేశం సాయంత్రం ఆరున్నరకి. మధ్యాహ్నం మూడున్నరకి మాస్టర్ ఫోన్, నెల్లూరులో వాళ్లమ్మ గారు పోయారు, బయల్దేరుతున్నానన్నారు. ఆ రోజు ఒక కొత్త సభ్యుడికి దీక్ష. కుర్రాడు మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాడు, కొత్త బూట్లు కొనుక్కున్నాడు.

ఇమ్మీడియట్ పాస్ట్ మాస్టర్, అంటే నిరుడు మాస్టర్‌గా చేసినాయన, హైదరాబాదులో ఉన్నారు. నేను పాస్ట్ మాస్టర్‌ని కాను కాబట్టి దీక్ష ఇవ్వకూడదు. ఫోన్ల మీద ఫోన్లు. నాలుగున్నరకి అన్నానగర్ పెద్దాయన ఒకరు దొరికారు, డెబ్బై దాటినవారు, ఆ భాగం చెప్పి తొమ్మిదేళ్లయిందన్నారు. పుస్తకం తీసుకుని ఆయన ఇంటికెళ్లి, ఎగ్మోర్ దాకా కారులో ఆయన చెప్తుంటే నేను తప్పులు దిద్దుతూ వచ్చాం. హాల్లో ఒకళ్లిద్దరు "వాయిదా వేద్దాం" అన్నారు. సమావేశం జరిపే బాధ్యత నాది కాబట్టి జరుపుదామన్నాను. పెద్దాయన రెండుచోట్ల తడుముకున్నారు, నేను నా చోటు నుంచి నెమ్మదిగా అందించాను. ఆ కుర్రాడికి తేడా ఏమీ తెలియలేదు. మర్నాడు ఉదయం ఆరుగురం నెల్లూరు వెళ్లాం.

నేర్చుకున్నది చెప్తాను. ఏ పాస్ట్ మాస్టర్‌కి ఏ డిగ్రీలో ఏ భాగం నోటికి వచ్చో, ఎవరు ఎక్కడుంటారో, ఆ రోజు ఊళ్లో ఉన్నారో లేదో ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ప్రతి సమావేశానికి రెండు రోజుల ముందు కొత్తగా రాసుకోండి. వంటవాళ్ల నంబరు కూడా. ఆ రోజు ఎన్ని ప్లేట్లో చెప్పడం అందరం మర్చిపోయాం, సాంబారు చాల్లేదు.

వెస్ట్‌కి_కొత్త | ఐదు వారాల తర్వాత, శనివారం, ఉదయం 8:15
అందరికీ నమస్కారం. ఇన్‌స్టలేషన్, అంటే కొత్త మాస్టర్, అధికారులు కుర్చీలెక్కే సభ, అయింది, నిన్న రాత్రి సీనియర్ వార్డెన్‌గా నా మొదటి మామూలు సమావేశం కూడా అయింది. మట్టం మెడలో పడ్డప్పుడు మేస్త్రీ అన్న తాతగారు గుర్తొచ్చారు. స్తంభం సరిగ్గా నిలబెట్టాను. మధ్యలో ఒకచోట తడబడ్డాను, మాస్టర్ ఆగి నా కోసం చూశారు, దొరికింది.

మూసే ముందు ఆ వాక్యం వచ్చినప్పుడు చెప్పినట్టే హాల్ అంతా చూశాను. అందరూ బాగానే కనపడ్డారు. వాక్యం చెప్పేశాను. భోజనం దగ్గర లెక్కపెడితే ఒక మనిషి తక్కువ, మా టైలర్, అంటే లాడ్జ్ కాపలాదారు. తలుపు బయట కత్తి పట్టుకుని నిలబడేది ఆయనే, కాబట్టి హాల్ అంతా చూసినా ఆయన కనపడడు. అడిగితే వెళ్లిపోయారన్నారు. ఆయన తిరువళ్లూరు పోవాలి. ఎగ్మోర్ నుంచి షేర్ ఆటోలో సెంట్రల్‌కి వెళ్లి, మూర్ మార్కెట్ దగ్గర లోకల్ పట్టుకోవాలి. మాకు ప్రసంగాలు, టోస్టులు అయి భోజనం మొదలయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. స్టీవార్డ్ చెప్పాడు, ఆయన చాలా నెలలుగా తినకుండానే వెళ్తున్నారట. ప్రతి నెలా ఆయన ప్లేటుకి డబ్బు కడుతూనే ఉన్నాం.

రాత్రే మాస్టర్‌కి చెప్పాను. వచ్చే నెల నుంచి సమావేశం ముగిసిన వెంటనే, మొదటి ప్లేటు టైలర్‌కి పెట్టించమని జూనియర్ వార్డెన్‌కి ఆయనే చెప్పారు. ఉదయం టైలర్ గారికి ఫోన్ చేస్తే "పర్లేదు సార్, ఇంటికెళ్లి తింటాను" అన్నారు. ఇంటికి చేరేసరికి పన్నెండవుతుందట.

ఒక సాయం కావాలి. నాకు కారు లేదు, నేనూ లోకల్‌లోనే విల్లివాక్కం వెళ్తాను. అంబత్తూరు, ఆవడి వైపు కారులో వెళ్లే సోదరులు ఏ లాడ్జ్ వాళ్లయినా సరే, మూడో శుక్రవారం ఎగ్మోర్‌లో ఉంటే చెప్తారా?

చెయ్యి_కాల్చుకున్నవాణ్ణి | శనివారం, ఉదయం 9:02
మా కారు ఆవడి దాకా వస్తుంది. వెనక సీట్లో ఇద్దరికి చోటుంది. మాకూ మూడో శుక్రవారమే, పది గంటలకి గేటు దగ్గర ఉండమనండి. అక్కడి నుంచి తిరువళ్లూరుకి ఎవరైనా ఉన్నారా?

మేస్త్రీ_మనవడు | శనివారం, ఉదయం 9:40
తిరువళ్లూరులో నా సైట్ నడుస్తోంది, పనిరోజుల్లో అక్కడే పడుకుంటాను. ఆవడి స్టేషన్ దగ్గర బండితో ఉంటాను, దింపేస్తాను. ఆయన నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి.